పాత పెట్రోల్ జీపుకు డీజిల్ ఇంజిన్ బిగించడం ఎలా

ఒకప్పుడు ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు మోసిన పాత పెట్రోల్ జీపులు వరంగల్, ములుగు, భూపాలపల్లి వైపు ఊళ్లలో ఇప్పటికీ కొట్టాల పక్కన, చింతచెట్ల కింద నిలబడి కనిపిస్తాయి. వాటిలో చాలావాటికి చాసిస్ గట్టిగానే ఉంటుంది. పెట్రోల్ ఖర్చు భరించలేకనో, ఇంజిన్ సామాన్లు దొరకకనో వాటిని పక్కన పెట్టి ఉంటారు. అటువంటి బండికి డీజిల్ ఇంజిన్ బిగించి మళ్లీ రోడ్డెక్కించాలనుకునేవారి కోసం ఇది రాస్తున్నాను. హనుమకొండలోని మా ఇంటి సీజే-3బీ జీపుకు ఈ పని చేయించాను, వెల్డింగ్, లేత్ పనులు తప్ప మిగిలినవి చాలావరకు నా చేతులతోనే చేశాను, ఆ తరువాత తెలిసినవారి మూడు బండ్ల పనిలో దగ్గరుండి సాయపడ్డాను. పాత ఇంజిన్ దించి కొత్తది పెట్టడం రెండు రోజుల పని మాత్రమే. మిగిలిన నెల రోజులూ ఆ ఇంజిన్ చుట్టూ ఉండేవాటిని దానికి ఒప్పించడానికే పోతాయి. డబ్బు దండుగయ్యేదీ, బండి చెడిపోయేదీ అక్కడే కాబట్టి ఈ వ్యాసంలో ఇంజిన్ గురించి కంటే దాని చుట్టూ ఉన్నవాటి గురించే ఎక్కువ చెబుతాను.

ముందుగా కాగితాలు

స్పానర్ పట్టే ముందు రవాణా శాఖ కార్యాలయానికి వెళ్లాలి. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించినవాటికి భిన్నమయ్యేలా యజమాని బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ సెక్షన్‌కు అదే అర్థాన్ని గట్టిగా ఖాయం చేసింది. అనుమతితో చేసిన మార్పును 14 రోజుల్లోగా రిజిస్టరింగ్ అధికారికి తెలియజేయాలన్న నిబంధన కూడా అదే సెక్షన్‌లో ఉంది. అందువల్ల ఏ ఇంజిన్, ఏ నంబరుది, ఏ బండి నుంచి వస్తున్నదో వివరంగా రాసి దరఖాస్తు పెట్టి, రాతపూర్వకంగా అనుమతి వచ్చిన తరువాతే డబ్బు ఖర్చు పెట్టాలి. అదే తయారీదారు అదే వరుస బండిని డీజిల్ ఇంజిన్‌తో కూడా అమ్మి ఉంటే ఆ సంగతి దరఖాస్తులో తప్పక రాయండి. అటువంటి ఇంజిన్‌నే ఎంచుకుంటే అడగడానికి మీకు ఒక ఆధారం ఉంటుంది. అనుమతి రాకపోతే మాత్రం ఈ ఆలోచన మానుకొని ఆ పెట్రోల్ ఇంజిన్‌నే ఓవరాలింగ్ చేయించుకోవాలన్నది నా అభిప్రాయం, ఎందుకంటే ఆర్‌సీలో ఒక ఇంజిన్ నంబరు, బానెట్ కింద మరొక నంబరు ఉన్న బండికి ప్రమాదం జరిగిన రోజున బీమా కంపెనీ అడిగే ప్రశ్నకు మీ దగ్గర జవాబు ఉండదు.

ఇంజిన్ కొనేటప్పుడు దాని నంబరు స్పష్టంగా రాసిన రసీదు తీసుకోవాలి. బ్లాకు మీద చెక్కిన నంబరును బట్టతో తుడిచి, సున్నపు బలపంతో రుద్ది, రసీదుతో పోల్చి చూడాలి. అంకెలను గ్రైండర్‌తో గీకిన ఆనవాలు ఏ మాత్రం కనిపించినా ఎంత చవకగా ఇచ్చినా ఆ ఇంజిన్‌ను ముట్టవద్దు. సొంత వాడకపు బండ్ల రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగిసి, ఆపైన ఐదేళ్లకొకసారి రెన్యువల్ అవుతుంది కాబట్టి అధికారి బండిని ఎలాగూ తనిఖీ చేస్తారు. పొగ పరీక్ష కూడా మారుతుంది. పెట్రోల్ బండికి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు కొలిస్తే డీజిల్ బండికి పొగ చిక్కదనాన్ని కొలుస్తారు, పాత తరం డీజిల్ బండ్లకు దాని హద్దు 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు.

ఏ ఇంజిన్ తీసుకోవాలి

మహీంద్రా మన దేశంలో విల్లీస్ జీపులను 1947 నుంచి జోడించి అమ్మింది. ఆ వరుసలో మన ప్రాంతంలో ఎక్కువగా మిగిలినది ఎత్తు బానెట్ ఉన్న సీజే-3బీ. దానిలోని హరికేన్ పెట్రోల్ ఇంజిన్ 134 ఘనపు అంగుళాలది, అంటే దాదాపు 2,200 సీసీ. దానిలో ఇన్‌టేక్ వాల్వులు పైన హెడ్‌లోనూ, ఎగ్జాస్ట్ వాల్వులు కింద బ్లాకులోనూ ఉంటాయి. అందువల్ల ఇంజిన్ పొడవు పెరగకుండా ఎత్తు మాత్రం పెరిగింది, దాని కోసం అమెరికాలో 1953లో బానెట్‌నే పైకి లేపారు. ఆనాడు లేపిన ఆ కొద్ది అంగుళాలే ఈనాడు డీజిల్ ఇంజిన్‌కు చోటు కల్పిస్తున్నాయి. అంతకు ముందరి పొట్టి బానెట్ జీపులో అదే డీజిల్ ఇంజిన్ పెట్టాలంటే బానెట్‌కు రంధ్రం కొట్టవలసి రావచ్చు. నా వరకు అలాంటి బండిని చెడగొట్టడానికి చేయి రాదు.

ఈ జీపులకు సాధారణంగా పెట్టే డీజిల్ ఇంజిన్లలో రెండింటి గురించి చెబుతాను. ఒకటి ప్యూజో రకం ఎక్స్‌డీపీ 4.90, నాలుగు సిలిండర్లు, 90 మిల్లీమీటర్ల బోరు (సిలిండర్ లోపలి వెడల్పు), 2,112 సీసీ. రెండోది మహీంద్రా ఎండీఐ, 2,523 సీసీ, డీజిల్ నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ రకం. మొదటిది నునుపుగా తిరుగుతుంది, వేగం ఎక్కువ అందుకుంటుంది, అయితే దానిలో మంట మొదలయ్యేది హెడ్‌లోని చిన్న గదిలో కాబట్టి ఉదయం పూట హీటర్ ప్లగ్గులు ఎర్రబడేదాకా ఆగాలి. రెండోది మోటుగా, చప్పుడుగా ఉంటుంది, నిమిషానికి 3,200 చుట్లకు మించి దానిని తిప్పకూడదు, కానీ తక్కువ వేగంలో బలంగా లాగుతుంది, డీజిల్ తక్కువ తాగుతుంది, చలికి బెదరదు. బస్తాలు వేసుకొని మట్టి రోడ్ల మీద, పొలం గట్ల వెంట తిరిగే బండికి ఎండీఐని, హైవే మీద ఎక్కువగా తిరిగే బండికి ఎక్స్‌డీపీని నేను సూచిస్తాను. టర్బో ఉన్న కొత్త కామన్ రైల్ ఇంజిన్ల జోలికి పోవద్దు. వాటికి కంప్యూటరూ, సెన్సార్లూ, పూర్తి వైరింగూ కావాలి, పైగా వాటి బలానికి పాత గేర్‌బాక్సు, ఇరుసులు తట్టుకోలేవు.

ఇంజిన్ ఒక్కదానినే కొనకుండా సెట్టు మొత్తం కొనండి అని ప్రతి ఒక్కరికీ చెబుతాను. ఇంజిన్, ఫ్లైవీల్, క్లచ్, హౌసింగ్, గేర్‌బాక్సు, సెల్ఫ్ మోటారు, ఆల్టర్నేటర్, రేడియేటర్, ఫ్యాను, ఫిల్టర్ల బ్రాకెట్లు, ఇంజిన్ కింద వేసే ఫౌండేషన్ రబ్బర్లు, చివరికి వాటి బోల్టులతో సహా ఒకే బండి నుంచి రావాలి. నేను మొదట చవక అని ఇంజిన్ ఒక్కటే తెచ్చి, పాత గేర్‌బాక్సుకు కలపడానికి లేత్ మీద ఒక అడాప్టర్ ప్లేటు చేయించాను. అది గీత మందం పక్కకు కూర్చున్నందువల్ల రెండు నెలల్లో గేర్‌బాక్సు ఇన్‌పుట్ బేరింగ్ పోయి, మొత్తం మళ్లీ దించవలసి వచ్చింది. తప్పనిసరై అడాప్టరే వాడవలసి వస్తే ఫ్లైవీల్‌కు డయల్ గేజీ (సన్నని తేడాను సూదితో చూపే పరికరం) బిగించి, క్రాంకును చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పుతూ హౌసింగ్ రంధ్రపు అంచు మీద సూది కదలికను చూడండి. మొత్తం కదలిక 0.25 మిల్లీమీటరుకు మించితే దానిని సరిచేయకుండా గేర్‌బాక్సు ఎక్కించవద్దు.

కొనే ముందు ఇంజిన్‌ను చూసే పద్ధతి

అమ్మేవారి దగ్గరకు చెప్పిన సమయానికంటే అరగంట ముందు వెళ్లి బ్లాకు మీద చేయి పెట్టండి. అది వెచ్చగా ఉంటే మీరు రాకముందే ఒకసారి నడిపారని అర్థం. చల్లని ఇంజిన్ మొదటిసారి ఎలా అందుకుంటుందో చూడకుండా కొనకూడదు. చల్లని ఇంజిన్ నుంచి మొదటి నిమిషంలో తెల్ల పొగ కొంచెం రావడం సహజమే, కానీ వేడెక్కిన తరువాత కూడా తగ్గకపోతే కంప్రెషన్‌నో, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్లనో అనుమానించాలి. నీలం పొగ ఆయిల్ కాలుతున్నదని చెబుతుంది. లోడు లేకుండానే నల్ల పొగ గుప్పుమంటే పంపు ఎక్కువ డీజిల్ ఇస్తున్నదని గానీ, గాలి అందడం లేదని గానీ అర్థం. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి ఆ రంధ్రం మీద తలకిందులుగా ఆనించి వదలండి. కొద్దిగా వణికితే ఫరవాలేదు, ఎగిరి పక్కన పడితే రింగులు అరిగిపోయినట్లే. రేడియేటర్ మూత తీసి నీళ్లలో బుడగలు ఆగకుండా వస్తున్నాయేమో చూడండి, కానీ ఈ పని ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మొదలు పెట్టాలి, వేడెక్కాక మూత తీస్తే ముఖం కాలుతుంది. వీలైతే డీజిల్ కంప్రెషన్ గేజీతో నాలుగు సిలిండర్లూ కొలిపించండి. మంచి ఇంజిన్లలో అది సాధారణంగా 25 నుంచి 30 బార్ల మధ్య ఉంటుంది. అంకె కొంచెం తక్కువైనా నాలుగూ సమానంగా ఉండటం మేలు, ఒకటి మిగిలినవాటికంటే 3 బార్లకు మించి తగ్గితే హెడ్ విప్పక తప్పదు.

విప్పే ముందు కొలతలు

పాత ఇంజిన్‌ను దించే ముందే బండిని ధర్మకాంట దగ్గరకు తీసుకుపోయి ముందు చక్రాలను మాత్రమే కాంటా మీద పెట్టి తూకం రాయించుకోండి. పని పూర్తయ్యాక ఇదే విధంగా మళ్లీ తూయించాలి. మా జీపుకు ముందు ఇరుసు మీద 90 కిలోలు పెరిగాయి. ఆ తూకం చూసిన తరువాతే ముందు కమాన్ (స్ప్రింగు) పట్టీలలో ఒక పట్టీ అదనంగా వేయించాము. ఆ అంకె లేకపోతే వేయాలో వద్దో ఊహించవలసి వచ్చేది. ఊహకు వేసిన పట్టీ ఎక్కువైతే బండి గుల్లరాళ్ల రోడ్డు మీద ఎగిరెగిరి పడుతుంది.

తరువాత ఇంజిన్ గది కొలతలు తీయాలి. ఫ్యాను నుంచి రేడియేటర్‌కు, రాకర్ కవరు నుంచి బానెట్‌కు, ఆయిల్ చాంబర్ నుంచి ముందు ఇరుసు డిఫరెన్షియల్‌కు, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ నుంచి స్టీరింగ్ రాడ్‌కు మధ్య ఎంత చోటు ఉన్నదో కాగితం మీద బొమ్మ గీసి రాసుకోండి. మన బండ్లకు స్టీరింగ్ కుడివైపు ఉంటుంది కాబట్టి, మానిఫోల్డో, సెల్ఫ్ మోటారో కుడివైపే ఉన్న ఇంజిన్ తెస్తే అక్కడ ఇబ్బంది తప్పదు. ఈ ఒక్క విషయం కొనకముందే చూసుకుంటే చాలా శ్రమ తగ్గుతుంది.

ఆయిల్ చాంబర్ దగ్గరి చోటును మాత్రం బండి నిలబడి ఉన్నప్పుడు కొలిస్తే సరిపోదు. గుంతలో పడినప్పుడు ఇరుసు పైకి లేచి బంప్ రబ్బరుకు తగులుతుంది, అప్పుడు కూడా ఇరుసుకూ చాంబర్‌కూ మధ్య కనీసం 25 మిల్లీమీటర్లు మిగలాలి. అందుకు జాకీని నేరుగా ఇరుసు కింద పెట్టి, కమాన్‌లు పూర్తిగా అణిగేదాకా లేపి కొలవాలి. బానెట్ సంగతి తెలుసుకోవడానికి, కొత్త ఇంజిన్‌ను చాసిస్‌లో నిలిపాక, మా ఇంట్లో చపాతీ పిండి గట్టిగా కలిపి నాలుగు ముద్దలు చేసి రాకర్ కవరు మీద నాలుగు మూలలా పెట్టి, బానెట్‌ను మెల్లగా మూసి తెరిచాను. అణిగిన ముద్దలను కత్తితో నిలువునా కోసి స్కేలుతో మందం చూస్తే ముందు మూలన 31 మిల్లీమీటర్లు, వెనుక మూలన 12 మిల్లీమీటర్లు వచ్చాయి. బండి నిలిచి ఉన్నప్పుడు కూడా డీజిల్ ఇంజిన్ ఊగుతుంది, ఆపేటప్పుడు మరీ ఊగుతుంది కాబట్టి 12 చాలదు. గేర్‌బాక్సు కింది అడ్డపట్టీని కొంచెం దించడంతో అది 20కి చేరింది.

ఫౌండేషన్ బ్రాకెట్లు

ఇంజిన్‌కు గేర్‌బాక్సును బిగించి, రెండింటినీ కలిపి చైన్‌పుల్లీతో చాసిస్‌లోకి దించి, చెక్క దిమ్మెల మీద నిలిపిన తరువాతే బ్రాకెట్లు తయారు చేయాలి. బ్రాకెట్లు ముందే చేసి ఇంజిన్‌ను వాటి మీదకు తేవాలని చూడవద్దు. ఇంజిన్ వెనుక వైపు కొద్దిగా, సుమారు 3 నుంచి 5 డిగ్రీలు, కిందికి వాలి ఉండాలి. గేర్‌బాక్సు నుంచి వచ్చే షాఫ్టు గీతా, వెనుక ఇరుసు పినియన్ (షాఫ్టు తిప్పే చిన్న పళ్ల చక్రం) గీతా ఒకదానికొకటి సమాంతరంగా ఉండేలా ఆ వాలును సరిచూడాలి, లేకపోతే బండి ఒక వేగం దగ్గర వణకడం మొదలు పెడుతుంది, జాయింట్ క్రాసులు త్వరగా పోతాయి. ఫోన్‌లోని వాలు చూపే అప్లికేషన్ ఈ పనికి చాలు.

ఇంజిన్ అలా సరైన చోట నిలిచాక గట్టి అట్టముక్కతో బ్రాకెట్ల నమూనాలు కత్తిరించి, వాటిని వెల్డర్‌కు ఇచ్చి 8 మిల్లీమీటర్ల ప్లేటుతో చేయించండి. చాసిస్‌కు బ్రాకెట్‌ను 8.8 గ్రేడు బోల్టులతో బిగించడం వెల్డింగ్‌కంటే మేలు. చాసిస్ చానెల్ పై అంచుకూ, కింది అంచుకూ అడ్డంగా వెల్డింగ్ వేస్తే ఆ గీత దగ్గరే ఏదో ఒకనాడు పగులు వస్తుంది. రంధ్రాలు కూడా అంచుల్లో కాకుండా నిలువు గోడలోనే వేయాలి. బండి మీద వెల్డింగ్ చేసే ప్రతిసారీ బ్యాటరీ తీగలు విప్పండి. రబ్బర్లు కొత్తవి కొనండి, పాత రబ్బర్లు పైకి బాగున్నట్లే ఉండి లోపల ఇనుము నుంచి విడిపోయి ఉంటాయి.

ఒకే బండి సెట్టు తెచ్చినా గేర్‌బాక్సు పొడవు వేరుగా ఉంటే వెనుక షాఫ్టు పొట్టిదీ, ముందు షాఫ్టు పొడుగుదీ అవుతాయి. సీజే-3బీ చక్రాల మధ్య దూరం 80 అంగుళాలే కాబట్టి వెనుక షాఫ్టు మరీ పొట్టిదై నిటారుగా దిగుతుంది. బండిని నాలుగు చక్రాల మీద నిలిపి, పూర్తి బరువు పడిన తరువాత కొలిచి, స్ప్లైన్ (షాఫ్టు జారే పళ్ల జాయింటు) దగ్గర లోపలికీ బయటికీ జరగడానికి చోటు వదిలి షాఫ్టులు కోయించి, తప్పకుండా బ్యాలెన్సింగ్ చేయించండి.

గేరింగ్ లెక్క

ఈ లెక్కను చాలామంది వదిలేస్తారు, ఆ తరువాత బండి అరవడమే గానీ పరుగెత్తడం లేదని బాధపడతారు. పాత సీజే జీపుల ఇరుసులో సాధారణంగా క్రౌన్ అనే పెద్ద చక్రానికి 43 పళ్లు, దానిని తిప్పే పినియన్‌కు 8 పళ్లు ఉంటాయి, అంటే 5.38 నిష్పత్తి. పెట్రోల్ ఇంజిన్ 4,000 చుట్లదాకా తిరుగుతుంది కాబట్టి దానికి అది సరిపోయింది. డీజిల్ ఇంజిన్ హాయిగా నడిచే వేగం 2,000 నుంచి 2,500 మధ్య ఉంటుంది.

మీ బండి లెక్క ఇలా వేసుకోండి. టైరు నేలను తాకే చోట టైరు మీదా, నేల మీదా సున్నంతో గీత పెట్టి, సిమెంటు గచ్చు మీద బండిని మెల్లగా తోసి, టైరు గీత మళ్లీ నేలను తాకిన చోట ఆపి టేపుతో కొలవండి. 6.00-16 టైరుకు అది దాదాపు 2.27 మీటర్లు వస్తుంది. ఇంజిన్ చుట్లను ఇరుసు నిష్పత్తితో భాగించి, ఆ దూరంతో గుణించి, 60తో గుణించి, 1,000తో భాగిస్తే టాప్ గేరులో గంటకు ఎన్ని కిలోమీటర్లో తెలుస్తుంది. 3,000 చుట్ల దగ్గర 5.38 నిష్పత్తితో 76 కిలోమీటర్లు, 4.88తో 84 కిలోమీటర్లు, 4.27తో దాదాపు 96 కిలోమీటర్లు వస్తాయి. పొలం పనికే అయితే 5.38ని కదపవద్దు. వరంగల్ నుంచి కరీంనగర్‌కో, మంచిర్యాలకో తరచుగా పోయేవారు మాత్రం 4.88కి గానీ 4.27కి గానీ మార్చుకోవాలి. మార్చేటప్పుడు ఫోర్ వీల్ బండి అయితే ముందు, వెనుక ఇరుసులు రెండింటికీ ఒకే నిష్పత్తి ఉండాలి. ఒక్క వెనుకదే మార్చి ఫోర్ వీల్ వేస్తే రెండు ఇరుసులకూ బలాన్ని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు విరుగుతుంది.

నీళ్లు, గాలి

వేసవిలో రామగుండం, మంచిర్యాల వైపు ఎండ 45 డిగ్రీలు తాకుతుంది. ఆ ఎండలో లోడుతో ఎక్కేటప్పుడు ఇంజిన్ చల్లగా ఉండాలంటే పెట్రోల్ బండి రేడియేటర్ చాలదు. డీజిల్ సెట్టుతో వచ్చిన రేడియేటర్‌నే వాడి, దాని వెనుక ఫ్యాను చుట్టూ రేకు గుండ్రం తప్పకుండా పెట్టండి. ఆ గుండ్రం లేకపోతే ఫ్యాను తన చుట్టూ ఉన్న వేడి గాలినే తిప్పుతూ ఉంటుంది. ఫ్యాను రెక్కకూ రేడియేటర్‌కూ మధ్య 20 నుంచి 25 మిల్లీమీటర్లు ఉండాలి.

ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వని థర్మోస్టాట్‌ను తీసిపారేయమని సలహా ఇచ్చేవారు మన దగ్గర ఎందరో ఉన్నారు. దయచేసి ఆ మాట వినవద్దు. థర్మోస్టాట్ లేని డీజిల్ ఇంజిన్ చలికాలమంతా సగం వేడితోనే నడుస్తుంది, డీజిల్ పూర్తిగా కాలదు, సిలిండర్ గోడలు త్వరగా అరుగుతాయి. బండి వేడెక్కుతున్నదంటే కారణం రేడియేటర్‌లోనో, పంపులోనో, ఫ్యానులోనో ఉంటుంది, అక్కడ వెతకాలి. బోరు నీళ్లు కూడా పోయవద్దు. మన బోర్ల నీళ్లలోని సున్నం ఒకటి రెండు వేసవుల్లోనే రేడియేటర్ గొట్టాలను లోపలి నుంచి మూసేస్తుంది. డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ కలిపి పోయండి.

గాలి ఫిల్టర్ నుంచి ఇంజిన్‌కు వెళ్లే గొట్టం చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, కరీంనగర్ గ్రానైట్ క్వారీల దారిలోనూ, పత్తి మిల్లుల దగ్గరా తిరిగే బండిని కాపాడేది అదే. ఆ గొట్టానికి రెండు చివరలా మంచి క్లిప్పులు ఉండాలి. లోపల వేలు పెట్టి తిప్పినప్పుడు దుమ్ము అంటితే ఎక్కడో సందు ఉన్నట్లే.

డీజిల్ దారి

సీటు కింద ఉన్న పెట్రోల్ ట్యాంకును దించి, లోపల తుప్పూ, ఎండిపోయిన పెట్రోల్ జిగురూ పూర్తిగా పోయేదాకా కడిగించండి. ఖాళీగా ఉన్నదనుకున్న పెట్రోల్ ట్యాంకులో కూడా ఆవిరి ఉంటుంది, దానికి వెల్డింగ్ సోకితే పేలుతుంది. రిటర్న్ పైపు కోసం రంధ్రం వేయాలన్నా, కన్నం పూడ్చాలన్నా ఆ పనిని ట్యాంకులు బాగుచేయడమే వృత్తిగా ఉన్నవారికే అప్పగించండి, లేదా డీజిల్ బండి ట్యాంకునే తెచ్చి పెట్టుకోండి. నేను రెండో దారే పట్టాను.

పెట్రోల్ బండిలో ఇంధనం ఒకవైపే పోతుంది. డీజిల్‌లో పంపు, నాజిళ్ల నుంచి మిగిలినది వెనక్కు రావాలి కాబట్టి రెండు పైపులు కావాలి, పోయేది లోపల 8 మిల్లీమీటర్లు, వచ్చేది 6 మిల్లీమీటర్లు ఉంటే సరిపోతుంది. జింకు పూత ఉన్న గాల్వనైజ్డ్ పైపు వాడకూడదు, జింకు డీజిల్‌తో కలిసి నాజిళ్లను చెడగొట్టే పదార్థాలను తయారు చేస్తుంది. ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య నీటిని వేరుచేసే గాజు గిన్నె ఫిల్టరు ఒకటి పెట్టి, వానాకాలంలో వారానికొకసారి కింది స్క్రూ వదిలి చూడండి. పాత పెట్రోల్ మిగిలి డీజిల్‌లో కలవనివ్వవద్దు, ఇంజెక్షన్ పంపు లోపలి భాగాలకు డీజిలే నూనె, పెట్రోల్ కలిస్తే ఆ జారుడు పోతుంది.

ఆపే కేబుల్ మరువవద్దు. పెట్రోల్ ఇంజిన్ తాళం తీస్తే ఆగిపోతుంది, డీజిల్‌కు మంట పుట్టించే కరెంటే లేదు కాబట్టి డీజిల్‌ను మూస్తేనే ఆగుతుంది. పంపు మీది స్టాప్ లీవర్‌కు గట్టి కేబుల్ వేసి డ్యాష్‌బోర్డు మీద డ్రైవర్ చేతికి అందేచోట పెట్టి, ఇంజిన్ ఎక్కించే ముందే అది చివరిదాకా లాగుతున్నదో లేదో చూసుకోండి.

కరెంటు

డిస్ట్రిబ్యూటర్, కాయిల్, వాటి తీగలు అన్నీ తీసేయాలి. పాత డైనమో రెగ్యులేటర్ పెట్టెను కూడా పూర్తిగా విడదీసి, ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీకి కొత్త తీగ వేయండి. 6 వోల్టుల బండి అయితే బల్బులు, గేజీలు, హారన్ అన్నీ 12కు మారతాయి. బ్యాటరీ 75 ఆంపియర్-అవర్‌కు తగ్గకూడదు, సెల్ఫ్ మోటారుకు వెళ్లే కేబుల్ కనీసం 35 చదరపు మిల్లీమీటర్లది ఉండాలి.

ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. ఇంజిన్ రబ్బర్ల మీద కూర్చుంటుంది, రబ్బరు కరెంటును పోనివ్వదు. నేను ఇంజిన్ నుంచి చాసిస్‌కు వేయవలసిన ఎర్తు పట్టీని మరిచిపోయాను. సెల్ఫ్ కొడితే మోటారు నీరసంగా తిరిగింది, కాలిన వాసన వచ్చింది, రెండోసారి కొట్టాను. ఆటోనగర్ నుంచి వచ్చిన పెద్ద ఎలక్ట్రీషియన్ నన్ను ఆపి, ‘తమ్మీ, ఒకసారి ఆ ఎక్సలేటర్ కేబుల్ ముట్టుకొని చూడు’ అన్నారు. వేలు పెట్టగానే చురుక్కుమంది, పైనున్న ప్లాస్టిక్ తొడుగు మెత్తబడి లోపలి తీగకు అంటుకుపోయింది. వెనక్కు రావడానికి వేరే దారి లేక సెల్ఫ్ మోటారు కరెంటంతా ఆ సన్నని తీగ గుండా పోయింది. అదే ఇంజిన్ అందుకొని ఉంటే, అతుక్కుపోయిన కేబుల్‌తో పూర్తి వేగం అందుకునేది. కాబట్టి బ్యాటరీ కేబుల్ అంతే లావున్న ఎర్తు పట్టీని, రంగు గీకి ఇనుము తేలిన చోట, మిగిలిన వైరింగ్ కంటే ముందే బిగించండి.

బ్రేకులు

పాత సీజే జీపుకు 9 అంగుళాల డ్రమ్ములూ, నాలుగు చక్రాలకూ ఒకే పైపు దారీ ఉంటాయి. బరువు పెరిగి, లోడుతో తిరిగే వేగం పెరిగిన బండికి అవి సరిపోవు. తరువాతి జీపుల పెద్ద డ్రమ్ములు, రెండు గదుల మాస్టర్ సిలిండర్ వేయించండి. బ్రేకు తొక్కే బలాన్ని పెంచే బూస్టర్ పెడితే దానికి వాక్యూమ్ కావాలి. పెట్రోల్ ఇంజిన్ మానిఫోల్డ్‌లో వాక్యూమ్ పుడుతుంది, చాలా డీజిల్ ఇంజిన్లలో పుట్టదు, అందుకే ఆల్టర్నేటర్ వెనుక వాక్యూమ్ పంపు ఉన్న రకాన్ని తీసుకోవాలి. వాక్యూమ్‌తో నడిచే పాత వైపర్ మోటారును కూడా కరెంటు మోటారుకు మార్చాలి.

మొదటిసారి నడపడం

ఆయిల్, కూలెంట్ పోసి, స్టాప్ కేబుల్ లాగి ఉంచి, సెల్ఫ్‌ను పది సెకన్ల చొప్పున ఆపి ఆపి తిప్పుతూ ఆయిల్ ప్రెషర్ గేజీ కదిలేదాకా ఆగండి. తరువాత డీజిల్ పైపుల్లోని ఎయిర్ తీయాలి. ఫిల్టర్ మీది స్క్రూ వదిలి హ్యాండ్ ప్రైమర్ కొడుతూ నురుగు ఆగి డీజిల్ ధారగా వచ్చేదాకా చూసి బిగించి, అదే విధంగా పంపు మీది స్క్రూ దగ్గర చేసి, చివరికి నాజిళ్ల పైపు నట్లు సగం చుట్టు వదిలి, స్టాప్ కేబుల్ తోసి, సెల్ఫ్ కొట్టాలి. నాజిల్ నుంచి డీజిల్ వంద బార్లకు మించిన ఒత్తిడితో వస్తుంది, అది చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోతుంది కాబట్టి కారుతున్న పైపుకు చేయి అడ్డం పెట్టవద్దు. గాలి గొట్టం నోటికి సరిపోయే చెక్కపలక ఒకటి చేతిలో పట్టుకొని ఒక మనిషి పక్కన నిలబడాలి. ఇంజిన్ ఆగకుండా వేగం అందుకుంటే ఆ నోటిని పలకతో మూయాలి, చేత్తో మాత్రం ఎన్నడూ కాదు.

ఇంజిన్ నిలకడగా నడిచాక 20 నిమిషాలు అలాగే ఉంచి, కారుతున్న చోట్లు వెతికి, ఆపి, చల్లారాక అన్ని బోల్టులూ మరోసారి బిగించండి. పంపు మీది సీలు వేసిన స్క్రూను బలం కోసం తిప్పవద్దు. దానితో నల్ల పొగ వస్తుంది, పిస్టన్ కాలుతుంది, పొగ పరీక్షలో బండి నిలవదు.

మొదటి వారం ఖాళీ బండిని హనుమకొండ నుంచి ములుగు దాకా, ఆ పైన పస్రా దాకా తిప్పి చూడండి. అక్కడ ఏ తేడా రాకపోతే పది మిర్చి బస్తాల బరువు వేసి ఘాటు ఎక్కించాలి. నిర్మల్ దగ్గరి మహబూబ్ ఘాటు గానీ, ఆసిఫాబాద్ వైపు కెరమెరి ఘాటు గానీ ఇందుకు సరిపోతాయి. ఎక్కేటప్పుడు ఉష్ణోగ్రత గేజీని, దిగేటప్పుడు బ్రేకులను గమనించండి. దిగాక డ్రమ్ముల దగ్గర చేయి చాపి నాలుగు చక్రాల వేడి సమానంగా ఉన్నదో లేదో చూడండి. మా జీపు పెట్రోల్ మీద లీటరుకు 7 కిలోమీటర్లు ఇచ్చేది, ఇప్పుడు 12 ఇస్తున్నది, అంటే వెయ్యి కిలోమీటర్లకు దాదాపు 60 లీటర్ల మిగులు. అయినా నెలకు రెండు వందల కిలోమీటర్లు కూడా తిరగని బండికి ఈ మిగులు ఖర్చును పూడ్చడానికి చాలా ఏళ్లు పడుతుంది కాబట్టి మీ తిరుగుడు ఎంతో ముందే లెక్క వేసుకోండి.

500 కిలోమీటర్ల దగ్గర ఆయిల్, ఫిల్టరు మార్చి, ఫౌండేషన్, హౌసింగ్, షాఫ్టు బోల్టులను మళ్లీ స్పానర్‌తో పట్టి చూడండి. బిగించిన ప్రతి బోల్టు తల నుంచి ప్లేటు మీదికి తెల్ల పెయింటుతో ఒక గీత గీయండి. ఆ తరువాత ఎప్పుడు బానెట్ లేపినా, ఏ గీత రెండుగా విడిపోయి కనిపిస్తే ఆ బోల్టు వదులవుతున్నదని తెలుస్తుంది.